తెంగెతిలె బకెట్టుకు పెట్టిన గొట్టం

మా తోటికోడలు తెంగెతిలెకు ఒకే కన్ను. ఎడమది నిరుడు బుగాను కల్లు బకెట్టు తీసుకుంది. మూసిన బకెట్టులో మరూలా పండ్ల గుజ్జు పులిసి పులిసి, గాలి పోయే దారిలేక మూతను ఎగరగొట్టింది. దాని అంచు వచ్చి ఆమె కంట్లో దిగింది. ఆ మూత మీద తీగ బిగించింది నేనే. బిగించమన్నది మా ఆయన వెలాఫి. గాలి పోతే మత్తంతా పోతుందట. మా సితేకి కొండల్లో తాగే మగవాళ్లందరిదీ అదే మాట. పులియబెట్టేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఈ ఏడు పండ్లు రాలగానే తెంగెతిలె మేకు ఎర్రగా కాల్చి మూతకు బెజ్జం పెట్టింది. నర్సు ఇచ్చిన కొత్త సెలైన్ గొట్టం అందులో దూర్చి, చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసింది. రెండో కొసను నీళ్ల సీసాలో ముంచింది. లోపలి గాలి బుడబుడమంటూ నీళ్లలోంచి పోతుంది, బయటి ఈగ లోపలికి రాదు.

"ఈ ఒక్క కన్నే మిగిలిందక్కా. దీన్ని ఎవడి తాగుడికీ ఇవ్వను," అంది.

మూడో రోజు పొద్దున్నే వెలాఫి పక్కింట్లో తాగి వచ్చి ఆ సీసా చూశాడు.

"ఓహో! మత్తంతా సీసాలోకి దొంగిలిస్తున్నావా? నా తమ్ముడు గనుల్లో ఉన్నాడని ఇంట్లో నీ ఇష్టారాజ్యమా?"

సీసాను గోడకేసి కొట్టాడు. గొట్టం పీకి పారేశాడు. నేను వద్దన్నాను. పిడికిలితో నా మూతి మీద గుద్దాడు, పన్ను ఊడి చేతిలో పడింది. బెజ్జంలో మొక్కజొన్న బెండు కుక్కి, మూత మీద తీగ వేసి మెలితిప్పాడు. తర్వాత దాన్ని కావలించుకుని నీడలో కూర్చున్నాడు. వాడి చావు వాడు చస్తాడని మనసులో తిట్టుకున్నాను.

మధ్యాహ్నానికి బకెట్టు పొట్ట ఉబ్బింది. మూత మధ్యలో పైకి లేచింది. వెలాఫి దానికి చెవి ఆనించాడు.

"చప్పుడు లేదేం? చంపేశావా దీన్ని?"

మాలో తమ్ముడి భార్య బావగారిని ముట్టుకోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. తెంగెతిలె దూరంగా నిలబడి, తల వంచుకునే అరిచింది.

"బావగారూ, లేవండి! అది పేలుతుంది!"

"నువ్వు లేపితే లేవాలా?" అని ఆయన ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు.

"అక్కా, నువ్వు లాగు! నువ్వు ముట్టుకోవచ్చు కదా!"

ముట్టుకోవచ్చు. నా మొగుడే. కానీ నా నోట్లో రక్తం ఇంకా ఉప్పగా ఉంది, ఆ పిడికిలి కళ్ల ముందే ఉంది. నేను కదల్లేదు.

తెంగెతిలె ఒక్క క్షణం నా వైపు చూసింది. పొదలు నరికే కత్తి తీసుకుంది. మనిషిని ముట్టుకోకూడదు, బకెట్టును ముట్టుకోవచ్చు. కత్తి చూసి వెలాఫి, "నన్ను చంపడానికే వచ్చిందర్రోయ్!" అంటూ బకెట్టు వదిలేసి వెల్లకిలా పడ్డాడు. ఆమె ఎడమ అరచేతిని ఉన్న కంటిమీద గట్టిగా అదుముకుని తీగ మీద వేటు వేసింది.

తుపాకీ పేలినట్టయింది. మూత ఎగిరి ఆ చేతికే తగిలింది. వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. గుజ్జంతా వాకిట్లో చిమ్మింది. వెలాఫికి గీత కూడా పడలేదు. నేల మీద బోర్లా తిరిగి, "అయ్యో, ఎంత మత్తు మట్టిపాలైంది!" అని ఏడుస్తున్నాడు.

తెంగెతిలె చెయ్యి మెల్లగా తీసింది. మూడు వేళ్లు వెనక్కి వంగి ఉన్నాయి. రెప్ప మూసే ఉంది. తెరుచుకోవాలని నేను అందరు దేవుళ్లనూ వేడుకున్నాను. తెరిచింది. ఆ కన్ను అటూ ఇటూ వెతికి నా మీద ఆగింది.

"కనిపిస్తున్నావక్కా," అంది.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.