అత్తయ్య పేరు రాసిన రోజు

క్లాండాల్కిన్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో, చదువు నన్ను ఇంటర్మీడియెట్ మధ్యలోనే వదిలేసి పోయిందని నిశ్చింతగా ఉండేదాన్ని. అది నా వెనకాలే విమానమెక్కి ఐర్లండు దాకా వస్తుందని ఎవరనుకుంటారు? పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో పని చెయ్యాలని నాకు ఆశ. దానికి కోర్సు చదవాలన్నారు. సరే, దగ్గర్లో ఉన్న కాలేజీలో చేరాను.

మొదటి అసైన్‌మెంటు పసిబిడ్డల సంరక్షణ మీద. మీ సొంతం కాని ప్రతి మాటా ఎవరిదో రాయండి, చివర వాళ్ల జాబితా ఇవ్వండి అని మా టీచరమ్మ చెప్పింది. ఎంత వెతికినా నా బుర్రలో సొంత మాట ఒక్కటీ దొరకలేదు. ఒంటికి నూనె రాయడం మా దగ్గరే ఉంటున్న అత్తయ్య నేర్పారు, ఎక్కిళ్ల సంగతి అమ్మమ్మ చెప్పింది, జోకొట్టడం పక్కింటి పిన్నిగారిది. అందరినీ ఎక్కించాను. అదీ శుభలేఖలో వేసినట్టు, పెద్దవాళ్లు ముందు, ప్రతివాళ్లకీ ‘గారు’ తగిలించి. పాఠ్యపుస్తకం రాసినావిడ మనకి చుట్టం కాదు కదా, అందుకని అట్టడుగున వేశాను. (ఆవిడకీ గారు పెట్టాను లెండి.)

టీచరమ్మ చదివి, ‘గ్రాండ్’ (బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ల మాట) అంటూనే నన్ను కూర్చోబెట్టింది. వరస వయసుని బట్టి కాదట, అక్షరాలని బట్టట. గారు అక్కర్లేదట. ఇంట్లోవాళ్ల మాటలు రాయొచ్చు గానీ ఇంటిపేరుతో సహా పేరు ఉండాలట. ‘ఇంతకీ ఈ అత్తయ్య ఎవరు?’ అని అడిగింది. సాయంత్రంలోగా దిద్ది పంపకపోతే క్రెష్‌కి ట్రైనింగుకి పంపేవాళ్లలో నేనుండనని కూడా మెల్లగా చెప్పింది.

మిగతావన్నీ దిద్దాను. అత్తయ్య దగ్గర వేళ్లాగిపోయాయి. మా ఇళ్లలో కోడలు అత్తగారి పేరు ఎత్తదు. (ఇక్కడా రాయను, ఏమనుకోకండి.) మా ఆయన చేత ఆ పేరు టైపు కొట్టిద్దామంటే లీక్స్‌లిప్‌లో షిఫ్టులో ఉన్నారు. ఆవిణ్ణి తీసేద్దామంటే సగం అసైన్‌మెంటు ఆవిడదే. చివరికి వంటింట్లో ప్రెస్సు (ఇక్కడ గిన్నెల అల్మారాని అలాగే అంటారు) తలుపు తీసి గిన్నెలు సర్దుతున్న ఆవిడ వెనక నిలబడ్డాను.

“అత్తయ్యా, మీ పేరు రాయాల్సొచ్చింది. కోప్పడకండి.”

“పోలీసులకా? నేనేం చేశానే?”

“కాదండీ, కాలేజీకి. నూనె రాసే పద్ధతి మీరు చెప్పిందేనని. రాయకపోతే దొంగతనం కింద లెక్కట.”

ఆవిడ గిన్నె అక్కడే పెట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“అయితే సరిగ్గా రాయి. ఇంటిపేరు ఏది వేశావ్?”

“మనదే.”

“తీసెయ్. ఈ ఇంట్లో నాకెవరు నేర్పారని? అది మా అమ్మ చెప్పిన మాట. మా పుట్టింటి పేరు వెయ్యి.”

వేశాను. పంపాను. పాసయ్యాను, క్రెష్‌లో పిల్లల మధ్యకీ వెళ్లాను. కానీ ఆ పేరు కొట్టేటప్పుడు గట్టిగా కళ్లు మూసుకున్నానంటే నమ్ముతారా? చూడకుండా కొడితే మర్యాద తప్పినట్టు కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పటి ఆ పిచ్చిపిల్ల నాకు ఇప్పుడు ఎదురైతే ఒక్క మాట చెబుదును: కళ్లు తెరవ్వే, పక్కన కూర్చుని తన పేరు తెరమీద చూసుకుంటున్న ఆవిడ ముఖం చూడు.