కొరియన్ అమ్మమ్మ ఇవ్వబోయిన ఎల్పీ

నిన్న రికార్డుల షాపులో, కొత్తగా మళ్లీ ప్రింట్ చేసిన ఒక పాత కొరియన్ ఎల్పీ కనిపించింది. అట్ట మీద గిటార్ పట్టుకున్న అమ్మాయిని చూడగానే గుర్తుపట్టాను.

చిన్నప్పుడు అమెరికాలో, శాంటా క్లారాలో మా కింది ఫ్లోర్‌లో ఒక కొరియన్ అమ్మమ్మ ఉండేది. స్కూల్ అయ్యాక, అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా నన్ను ఆవిడే చూసుకునేది. రోజూ ఈ ఎల్పీయే పెట్టేది. వాళ్ల పల్లెపాటకి గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్! గీత పడ్డచోట ముల్లు ఎగిరి దూకేది. ఆ పోయిన ముక్కని ఆవిడ పెసర మొలకల తోకలు తుంచుతూనే తను పాడేసేది.

ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోయే రోజు "యూ టేక్" అంటూ దాన్ని నాకివ్వబోయింది. ఎవరేమిచ్చినా ముందు వద్దనాలని మనందరికీ నేర్పారు, గుర్తుందా? అమ్మ నావైపు చూడనే చూసింది. ఇంకోసారి అడుగుతుంది కదా అని "నో థాంక్స్" అన్నాను. ఆవిడ "ఓకే, ఓకే" అని పెట్టెలో సర్దేసుకుంది. మండిపోను ఆ మర్యాద!

నిన్న ఆ ఎల్పీ కొని ఇంటికి తెచ్చి పెట్టాను. పాట ఆ చోట ఆగలేదు, దూకలేదు. ఆవిడ పాడటానికి ఖాళీయే లేదు.