గెంతలేనన్న వెయిట్‌లిఫ్టర్

2023 జూన్. ఢిల్లీలో నీడపట్టున నిలబడ్డా చెమట ఆగని రోజులు. ఆటగాళ్ల గాయాలకు వైద్యం చేసే ఒక చిన్న క్లినిక్‌లో నేను ఫిజియోథెరపిస్టుని. మాది కాకినాడ. మావారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వల్ల ఇటు వచ్చి, ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో కాపురం పెట్టి, మొదట చాలా ఏళ్లు ఒక ప్రసూతి ఆసుపత్రిలో పనిచేశాను. కాన్పయిన తల్లులకు నడుం నొప్పి తగ్గడానికీ, వదులైన పొట్ట మళ్లీ దగ్గరపడడానికీ వ్యాయామాలు నేర్పడం అక్కడ నా పని. ఆ తర్వాతే ఈ క్లినిక్‌కి మారాను. ఇక్కడికొచ్చేవాళ్లు వేరే తరహా మనుషులు. మోకాలి లిగమెంట్ తెగిన కబడ్డీ ఆటగాళ్లు, భుజం జారిన రెజ్లర్లు. నొప్పి తగ్గుతుందా అని ఎవరూ అడగరు. మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు అని అడుగుతారు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం గౌరి వచ్చింది. జాతీయ స్థాయి వెయిట్‌లిఫ్టర్. వయసు ముప్పైకి దగ్గర్లో ఉంటుంది. మనిషి పొట్టి, మెడ నిటారు. వెంట ఆమె కోచ్ ఉన్నారు. హర్యానా మనిషి, తెల్లమీసాలు, గట్టి గొంతు.

"డాక్టర్ సాబ్, ప్రాక్టీసులో ఈ పిల్లకి ఏ ఇబ్బందీ లేదు. పోటీకి తీసుకెళ్తే చాలు, తొడలు పట్టేస్తాయి. ఆఖరి లిఫ్టుకి కాలు కదలదు. నవంబరులో ట్రయల్స్ ఉన్నాయి. ఇదే ఆఖరి మౌకా" అన్నారాయన హిందీలో.

ట్రయల్స్ అంటే దేశం జట్టులోకి ఎంపిక చేసే పోటీ. గౌరికి ఏడాదిన్నర పాప ఉంది. కాన్పు తర్వాత తిరిగొచ్చి బరువుల బార్ పట్టుకున్న ఆడపిల్లలు ఈ ఆటలో అరుదు. ఈసారి జట్టులోకి రాకపోతే తన శిక్షణ శిబిరంలో చోటు మరో చిన్నపిల్లకి వెళ్లిపోతుంది.

ఊరు అడిగితే పలాస అంది. నేను తెలుగులోకి మారేసరికి ఆమె ముఖం వెలిగింది. "అమ్మో, తెలుగోలా మేడమ్!" అని నవ్వింది. వాళ్లమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేసేదట. ఇప్పుడు పాపని చూసుకోవడానికి ఢిల్లీ వచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. భర్త సైన్యంలో ఉన్నాడు, ఎక్కడో ఈశాన్య సరిహద్దులో.

కాళ్లు పరీక్షించాను. తొడమీద చెయ్యివేస్తే టేకు దుంగని తాకినట్టుంది. ఎక్కడా వాపు లేదు, బిగుసుకుపోయిన చోటు లేదు. రక్తపరీక్షల్లోనూ ఏ లోపమూ కనిపించలేదు. పిక్కల బలం చూద్దామని తాడు చేతికిచ్చాను.

"కాసేపు గెంతు గౌరీ."

ఆమె తాడు వెనక్కి ఇచ్చేసింది. "ఎంత బరువైనా పెట్టండి మేడమ్, ఎత్తీస్తాను. గెంతమని మాత్రం అనకండి."

ప్రసూతి ఆసుపత్రిలో ఈ మాట ఎందరో తల్లుల నోట విన్నాను. అందుకే కోచ్ గారిని బయట చాయ్ తాగి రమ్మని పంపేశాను. తలుపు వేసి, మెల్లగా అడిగాను.

"గెంతితే తడుస్తుందా?"

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"మీకెలా తెలిసింది?"

తర్వాత మాట్లాడింది. ఆగకుండా, నా వైపు చూడకుండా, గోడమీది క్యాలెండరుతో చెబుతున్నట్టు చెప్పింది. కాన్పుతో మొదలైంది కాదది. పంతొమ్మిదేళ్లప్పుడు, బరువులు బాగా పెరిగిన కొత్తలో, బార్‌ని తలపైకి తోసే క్షణంలో కొన్ని మూత్రపు చుక్కలు జారేవి. పాప పుట్టాక చుక్కలు కావవి. ఒక పోటీలో ఆమె దిగాక, బరువులు మార్చే మనిషి వచ్చి వేదికమీద చెమట అనుకుని గుడ్డతో తుడిచాడు. చూస్తున్న వాళ్లెవరికీ తెలియలేదు. ఆమెకు తెలుసు.

"అప్పట్నుంచి పోటీ ముందురోజు సాయంత్రంనుంచీ నీళ్లు ముట్టను. మా బరువు తూచడం అయిపోయాక అందరూ సీసాలు సీసాలు తాగుతారు కదా, నేను తాగినట్టు నటిస్తాను. నోరు తడుపుకుని ఉమ్మీస్తాను. నల్ల దుస్తులే వేస్తాను. ఎవరితో చెప్పుకోగలను మేడమ్? అమ్మకి చెప్తే ఆట మానీమంటాది. సార్ మగాడు. ఈ ట్రయల్స్ అయ్యాక మోకాలు పోయిందని చెప్పి మానీద్దామని అనుకుంటున్నాను."

తొడలు ఎందుకు పట్టేస్తున్నాయో తెలిసిపోయింది. ఒంట్లో నీరు లేకుండా, తన బరువుకి దాదాపు రెట్టింపు బరువు ఎత్తుతోంది. నాకు కలిగింది జాలి కాదు. ఎండిపోయిన ఒంటితో, భయాన్ని పంటికింద నొక్కిపెట్టి, దేశంలో మొదటి నలుగురిలో నిలిచిందా ఈ పిల్ల అన్న విస్మయం.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. నడుము ఎముకల గూటికి అడుగున, మూత్రాశయాన్నీ గర్భసంచినీ కిందినుంచి ఊయలలా మోసే కండరాల పొర ఉంటుంది. పెల్విక్ ఫ్లోర్ అంటాం. పెద్ద బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, పొట్టలో ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడంతా ఈ పొరమీద పడుతుంది, అది తట్టుకోలేకపోతే మూత్రం జారుతుంది. ఆటలాడే ఆడపిల్లల్లో ఇది ఎవరూ పైకి చెప్పని సంగతి. గెంతే ఆటల్లోనూ బరువులెత్తే ఆటల్లోనూ పిల్లల్ని కననివాళ్లకీ వస్తుంది. మా చదువులో మాత్రం ఇది కాన్పుల గదికి చెందిన పాఠం. ఆటల గాయాల పుస్తకంలో మోకాళ్లూ భుజాలూ ఉంటాయి.

మర్నాడు స్కాన్ పెట్టాను. పొట్టమీద నుంచి చూసే అల్ట్రాసౌండే. మూత్రాశయం నిండితేగాని ఆ పొర కనబడదు. గౌరి నీళ్ల గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తాగింది.

"ఇప్పుడు మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించు" అన్నాను.

తెరమీద ఏమీ కదల్లేదు. బలహీనమేమో అనుకున్నాను. మళ్లీ చూస్తే అర్థమైంది. ఆ కండరం అప్పటికే పూర్తిగా బిగిసి ఉంది. మూసిన పిడికిలిని ఇంకా మూయమంటే ఏం మూస్తుంది? పదేళ్లుగా, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, ఎక్కడ జారిపోతుందోనని ఈమె దాన్ని పట్టుకునే ఉంది. అలిసిపోయిన కండరం అసలు సమయానికి చేతులెత్తేస్తోంది. దీన్ని హైపర్‌టానిక్ అంటాం, ఎప్పుడూ బిగుసుకునే ఉండడమన్నమాట. బలం పెంచే వ్యాయామాలు ఇలాంటివాళ్లకి మరింత చేటు. ముందు వదలడం నేర్పాలి.

"వదిలెయ్యి గౌరీ."

"వదిలీస్తే పడిపోతాది."

"ఇక్కడ పడితే పడనీ. నేనే ఉన్నాను కదా."

రోజూ ప్రాక్టీసు అయ్యాక వచ్చేది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఊపిరి పొట్టదాకా తీసుకోవడం, అంతే పని. వంద కిలోల ఇనుముని ఆడించే మనిషికి తన ఒంట్లో ఒక కండరం ఎక్కడుందో తెలియడం లేదు. ఒక్కోరోజు కోపం వచ్చేది, నుదురు చెమట పట్టేది. కానీ ఏ రోజూ మానలేదు. మూడోవారంలో ఒక సాయంత్రం, ఊపిరి లోపలికి వెళ్తుండగా తెరమీద తెల్లగీతలా కనిపించే ఆ పొర నెమ్మదిగా కిందికి జారింది. ఊపిరి వదలగానే దానంతటదే పైకి లేచింది. గౌరి తలెత్తి చూసింది.

"అదేనా? ఇన్నేళ్లూ నేను మోసింది అదేనా?" అంది. పగలబడి నవ్వింది. ఆ రోజునుంచి నన్ను మేడమ్ అనడం మానేసి "అప్పా" అనడం మొదలుపెట్టింది. వాళ్ల వైపు అక్కని అలా పిలుస్తారు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. కొత్త ఊపిరితో లిఫ్టు మొత్తం మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. అంటే ఖాళీ బార్. అది శిక్షణ హాలులో కొత్తగా చేరిన పిల్లలు ఎత్తేది. ఇన్ని పతకాలున్న మనిషి వాళ్ల పక్కన నిలబడి, వాళ్లు బార్‌కి బరువు చక్రాలు ఎక్కించుకుంటుంటే తను వట్టి బార్‌తో రోజులకు రోజులు గడపాలి. కోచ్‌కి కారణం చెప్పకుండా అది కుదరదు.

"నేను చెప్పనా?" అని అడిగాను. ఊఁ అంది. ఇద్దరం హాలుకి వెళ్లాం. తీరా ఆయన గది ముందుకొచ్చాక నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దప్పా. నా ఒళ్లు కదా, నేనే చెప్తాను."

వెళ్లి ఆయన ఎదుట, బార్ ముందు నిలబడ్డట్టే పాదాలు ఎడంగా పెట్టుకుని నిలబడింది. హిందీలో అంతా చెప్పింది. నీళ్లు తాగినట్టు నటించిన సంగతి కూడా దాచలేదు. ఆయన బల్లమీదున్న సుద్దముక్కనే చూస్తూ విన్నారు.

"కబ్ సే, బేటా?"

"పంతొమ్మిదేళ్లప్పట్నుంచి సార్."

"అప్పట్నుంచీ నీ కోచ్‌ని నేనే కదా" అన్నారు. లేచి బయటికి వెళ్లిపోయారు.

గౌరి నా వైపు చూసింది. శిబిరంలో చోటు పోయిందనే ఇద్దరం అనుకున్నాం.

ఆ హాలులో ఒక పాత నియమం ఉండేది. వార్మప్ మొదలయ్యాక అది పూర్తయ్యేదాకా ఎవరూ బయటికి, టాయిలెట్‌కి కూడా, వెళ్లకూడదు. ఏకాగ్రత చెడుతుందని ఆయన పెట్టిందే. మర్నాడు పొద్దున ఆయన అందర్నీ నిలబెట్టి, ఆ పెద్ద గొంతుతో, "ఇకనుంచి ఎవరికి వెళ్లాలనిపిస్తే వాళ్లు వెళ్లండి. నన్ను అడగక్కర్లేదు. నీళ్లు తాగనివాళ్లని మాత్రం బార్ ముట్టుకోనివ్వను. ఠీక్ హై?" అన్నారట. అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోచ్ బయటికి నడిచాక గౌరి ముందుకొచ్చి, తన కథ వాళ్లకి చెప్పింది. "మీలో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది. మొదట అందరికంటే చిన్నమ్మాయి చెయ్యి లేచిందట. చివరికి సగం మందికి పైగా చేతులెత్తారు. ఆ వారంలోనే ఒక్కొక్కరూ నా దగ్గరికొచ్చారు. ప్రతి అమ్మాయీ ఒకే మాట అంది: "నాకొక్కదానికే అనుకున్నా దీదీ."

ఖాళీ బార్ నుంచి గౌరి మళ్లీ పైకి వచ్చింది. అక్టోబరుకి కాన్పు తర్వాత ఎప్పుడూ ఎత్తనంత బరువు ఎత్తుతోంది. తడవడం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నవంబరు. బయట పొగమంచుకి కళ్లు మండుతున్నాయి. ట్రయల్స్ జరిగే హాలులో జనం పెద్దగా లేరు. ఎంపిక చేసేవాళ్లు, కోచ్‌లు, కొన్ని కుటుంబాలు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని వాళ్లమ్మ నా పక్కన కూర్చుంది. గౌరి వేదిక వెనక నీళ్లు తాగుతుంటే దూరంనుంచి కనబడింది. ఈసారి అది నటన కాదు.

తొడలు పట్టెయ్యలేదు. ఆఖరి అంశం క్లీన్ అండ్ జెర్క్. బార్‌ని ముందు భుజాలమీదికి తెచ్చి, అక్కణ్నుంచి తలపైకి తొయ్యాలి. మనిషి కదలకుండా నిలబడ్డాకే రిఫరీ దించమని సైగ చేస్తాడు. ఆమె చివరి ప్రయత్నానికి తన జీవితంలోనే అతి పెద్ద బరువు పెట్టించింది. కాన్పుకి ముందు కూడా ఎత్తనిది.

బార్ భుజాలమీదికి వచ్చింది. లేవడానికి చాలాసేపు పట్టింది. లేచింది. ఊపిరి తీసుకుంది. తోసింది. కాళ్లు ముందుకీ వెనక్కీ చీలాయి, చేతులు నిలిచాయి. అప్పుడు చూశాను. ఎడమ తొడ లోపలివైపు నుంచి మోకాలిదాకా సన్నటి తడి మెరుపు. దీపాల కింద దాచడానికి వీల్లేదు. ఆమెకు తెలిసిందని నాకు తెలిసింది. ఒక్కసారి కనురెప్పలు ఆడాయి.

చేతులు వంగలేదు. వెనక పాదాన్ని ముందుకు తెచ్చింది, ముందు పాదాన్ని కలిపింది. నిలబడింది. పైన అంత ఇనుము, కింద తడి, మధ్యలో మనిషి నిశ్చలంగా. రిఫరీ చెయ్యి దించాడు. లిఫ్టు చెల్లిందన్నట్టు మూడు తెల్లదీపాలు వెలిగాయి.

బార్ వదిలి, వంగి నమస్కరించి, తొందరేమీ లేకుండా మెట్లు దిగింది. కోచ్ గారు కంగారుపడలేదు. తన భుజంమీది తువ్వాలు ఆమె చేతికిచ్చి, వేదికకి వీపు పెట్టి ఆమెకు అడ్డంగా నిలబడ్డారు.

జట్టులో ఆమె బరువు తరగతికి ఒక్కటే చోటు. గౌరి రెండో స్థానంలో వచ్చింది. ఎంపిక కాలేదు. ఆ ప్రకటన విన్నాక ఆమె ఏడ్చింది, బాగానే ఏడ్చింది. ఆ ఆఖరి లిఫ్టు వల్ల శిబిరంలో చోటు మాత్రం పోలేదు. నేటికీ ఆడుతోంది.

బయటికొచ్చేటప్పుడు అడగకుండా ఉండలేకపోయాను. "ఆ క్షణంలో ఏమనిపించింది గౌరీ?"

వింతగా చూసింది. "ఏటనిపిస్తాదప్పా? సైగ ఇంకా రాలేదు కదా. దించీస్తే లిఫ్టు చెల్లదు."

ఆ రోజు వరకూ వైద్యమంటే లక్షణం పోగొట్టడమేనని నా లెక్క. గౌరి విషయంలో అది పోలేదు. కానీ దాన్ని దాచడంకోసం ఆమె తన ఒంటిమీద చేసుకుంటున్న యుద్ధం పోయింది. ఆ యుద్ధానికి ఖర్చయ్యే బలమంతా బార్‌మీదికి వచ్చింది. ఎంత బలమో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు క్లినిక్‌కి ఏ ఆటనుంచి ఏ అమ్మాయి వచ్చినా, ఏ కీలు నొప్పని వచ్చినా, మోకాలి గురించి అడిగినంత మామూలు గొంతుతో, గెంతితే తడుస్తుందా అన్న ఆ ప్రశ్న కూడా అడుగుతాను. చాలామంది లేదంటారు. నేను రెట్టించను. కొందరు అన్నీ సర్దుకుని, బూట్లు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకున్నాక, మళ్లీ వచ్చి కూర్చుంటారు.