మిరియం నాకిన చెయ్యి

మా చిన్నప్పుడు... మిరియం ఎవరి చెయ్యి నాకినా సరే, అమ్మమ్మ చెంబుడు నీళ్లతో పరుగెత్తుకొచ్చేది. "ఛీ ఛీ, కడుక్కో ముందు" అంటూ నీళ్లు గుమ్మరించేది.

మిరియం మా కుక్క. మిరియపు గింజలా నల్లగా ఉంటుందని ఆ పేరు. అల్లవరం దగ్గర మా పల్లెలో, కొబ్బరాకుల దడి వెనక ఉండేది మా ఇల్లు. దడి అవతల కొత్త మనిషి అలికిడైతే చాలు, వీధంతా ఏకం చేసేది. నాకడం మాత్రం ఇంట్లో వాళ్లనే...

నాన్న కొబ్బరి దింపులకి వెళ్లొచ్చి అరుగు మీద కూలబడగానే ఆయన పిక్కలు నాకేది. "చెమటలో ఉప్పు కోసమే దాని తాపత్రయం" అనేది అమ్మమ్మ. కుక్కలు మనుషుల్ని ఎందుకు నాకుతాయంటే ఉప్పుకే అని నేనూ నమ్మేశాను.

అప్పట్లో నేను అమ్మమ్మనే "అమ్మా" అని పిలిచేదాన్ని. అసలు అమ్మ నాకు రెండేళ్లు నిండకముందే కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది. నాకు తెలిసిన అమ్మ గోడ మీద ఫొటో. పడుకునే ముందు అమ్మమ్మ నన్నెత్తుకుని దానికి ముద్దు పెట్టించేది. పెదాలకి అద్దం చల్లగా తగిలేది...

నేను ఒకటో తరగతిలో ఉండగా అమ్మ రెండు నెలల సెలవు మీద వచ్చింది. నాన్నతో పాటు ఆటో దిగి దడి తలుపు తీసిందో లేదో, మిరియం మొరుగుతూ మీదికి దూకింది. అంతలోనే దాని గొంతు మారిపోయింది. కుయ్ కుయ్‌మంటూ, ఒళ్లంతా ఊగిపోతూ అమ్మ చెయ్యి నాకడం మొదలుపెట్టింది. అరచెయ్యి, వేళ్ల సందులు, మణికట్టు... అమ్మ కొత్త చీరతోనే మట్టిలో కూర్చుండిపోయింది.

"నేను గుర్తున్నానే నీకు..." అని ఒకటే ఏడుపు.

అలవాటు కొద్దీ చెంబుతో పరుగెత్తుకొచ్చిన అమ్మమ్మ, ఆ చేతి మీద నీళ్లు పోయకుండా చెంబు కింద పెట్టేసింది. నేను మాత్రం నాన్న కాళ్ల వెనక దాక్కున్నాను.

అమ్మ బొమ్మ తెచ్చింది, చాక్లెట్లు తెచ్చింది... అమ్మమ్మ చేతికిస్తే, ఆ చేతిలోంచే తీసుకున్నాను. పడక అమ్మమ్మ పక్కనే. అన్నం అమ్మమ్మ చేత్తోనే. అమ్మ ముద్ద కలుపుకుని దగ్గరికొస్తే మూతి బిగించి పారిపోయేదాన్ని.

"పిల్ల ఇంకా దగ్గరికి చేరలేదాండీ?" అని పక్కింటావిడ దడి మీంచి అడిగేది.

"ఆయ్... చేరుద్దండి. కొత్త కదండీ" అనేది అమ్మమ్మ.

సెలవు కరిగిపోతోంది. నేను చేరకుండానే మళ్లీ విమానం ఎక్కాలేమోనని అమ్మ బెంగ. నీళ్ల గాబు దగ్గర మొహం కడుక్కుంటూ ఏడ్చేది. అది నా వల్లేనని నాకప్పుడు తెలియదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో అమ్మ పాలన్నం మెదిపి, సత్తుపళ్లెంలో వెయ్యకుండా, అరచేతిలో పెట్టుకుని మిరియానికి తినిపిస్తోంది. మెతుకులు అయిపోయినా అది నాకుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. అది మా కుక్క కదా!

"అమ్మా, ఆవిడ చేతికి చెమటే లేదు. మరెందుకు నాకుతోంది?" అన్నాను, బియ్యం ఏరుకుంటున్న అమ్మమ్మతో.

అమ్మమ్మ చేట పక్కన పెట్టింది. "మీ నాన్న కాళ్లైతే ఉప్పుకి నాకుద్ది. ఇది అది కాదే. కుక్కపిల్లలు తల్లి మూతి నాకుతాయి, చూళ్లేదా? నాకేం తెచ్చేవే అమ్మా అని అడగడం అన్నమాట. దీని తల్లి ఇది పాలు మరవకముందే చచ్చిపోయింది. మీ అమ్మే అలా అరచేతిలో పెట్టి నాకించి బతికించింది. అంచేత దానికి తల్లంటే ఆ చెయ్యే."

"మరి నాకు పెట్టలేదా?"

"నీకు పెట్టేకేనే దానికి పెట్టింది, పిచ్చిపిల్లా!"

మిరియం మనిషి విషయంలో పొరబడగా నేనెప్పుడూ చూడలేదు. అది అంత నమ్ముతుంటే నాకేం భయం... మెల్లగా వెళ్లి దాని పక్కన చతికిలబడి నోరు తెరిచాను.

అమ్మ బిగుసుకుపోయింది. చేతినిండా కుక్క ఎంగిలి. కడుక్కోవడానికి లేస్తే నేను పారిపోతానని భయం. ఈసారీ అమ్మమ్మే చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అమ్మని లేవనివ్వకుండా కూర్చున్నచోటే చేతి మీద నీళ్లు ఒంపింది. పప్పన్నంలో నెయ్యి వేసి కంచం అందించింది.

ఆ ముద్దల రుచి చెప్పడం నా వల్ల కాదు... అంతా తినేసి, మిరియం చేసినట్టే అమ్మ అరచెయ్యి నాకేశాను. అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అమ్మా" అని పిలిస్తే ఆ రోజు ఇద్దరు పలికారు.

ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యమే. నాకు రోజూ ఫొటో చూపించాల్సి వచ్చింది. మిరియానికి ఎవరూ ఏమీ చూపించలేదు, చెప్పలేదు. అన్నేళ్లూ ఆ చేతిని మనసులో దాచుకుంది. ఎంత గొప్ప జీవి!

అమ్మ కువైట్ మానేసి వచ్చేశాక పుట్టిన మా చెల్లెలు ఇప్పుడు మస్కట్‌లో నర్సు. దాని కూతుర్ని మా అమ్మే పెంచుతోంది. రోజూ వీడియో కాల్... పాపకి తల్లి మొహం కొత్త కాదు. అదెంత అదృష్టమో నాకు తెలుసు.

మొన్న నేను ఊరెళ్లినప్పుడు పాప ఫోన్ పట్టుకెళ్లి ఇంటి కుక్క ముందు పెట్టింది. చెల్లెలు ఇక్కడుండగా సాకిన కుక్కే అది. "అమ్మా, ఇది నీ చెయ్యి నాకుద్దంట... పెట్టవా" అంది. అక్కడ చెల్లెలు అరచెయ్యి తెచ్చి కెమెరాకి ఆనించింది. ఫోను నిండా చెయ్యే... కుక్క అద్దాన్ని ఒకసారి వాసన చూసి, వెళ్లి గేటు దగ్గర రోడ్డు వైపు చూస్తూ పడుకుంది.

చెల్లెలు మాత్రం చాలాసేపు చెయ్యి తియ్యలేదు...

చాన్నాళ్లకి ఇంటికెళ్తే, అందరికంటే ముందు మీ చెయ్యి నాకిన జీవి మీకూ ఒకటి ఉండే ఉంటుంది... దాని పేరేంటో చెప్పరూ?