వానల కోసం దాచిన ఫొటో

ఫొటో తీయడం నేను అరకు గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అక్కడ అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం ఉండేది. వెలుతురు ఎటు నుంచి పడితే ముఖం ఎలా కనబడుతుందో బొమ్మలతో చెప్పేది. ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయినా జిల్లా పేపరుకు విలేకరినయ్యానంటే ఆ బల్లల దగ్గర గడిపిన మధ్యాహ్నాలే కారణమని ఇప్పటికీ గర్వంగా చెబుతాను.

పాత పేపర్ల కట్టలు కూడా అక్కడే తిరగేసేవాణ్ని. చలికాలం పేజీల్లో మా కొండలంటే వలిసె పూలు, మంచు, టూరిస్టులు. వానాకాలం పేజీల్లో డోలీలు, శవాలు, ఏడుస్తున్న మనుషులు. మిగతా నెలల్లో ఇక్కడ మనుషులు బతుకుతున్నట్టు ఏ కట్టలోనూ కనబడలేదు.

అందుకే ఒక ఎండాకాలం డుంబ్రిగుడ దాటి ఒక చిన్న ఊరికి వెళ్లాను. ఊరికీ రోడ్డుకీ మధ్య గెడ్డ, అంటే కొండవాగు. దాని మీద అడ్డంగా వేసిన ఒక్క దుంగ. సంతకైనా బడికైనా ఆస్పత్రికైనా దాని మీద నుంచే. అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని, చెయ్యి కూడా ఆన్చకుండా ఒకామె దాటుతోంది. కింద నీళ్లు రాళ్లను కూడా ముంచడం లేదు. ఫొటో తీశాను. ఇటు ఒడ్డుకు వచ్చాక ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవులు పోనారు బాబూ?"

ఎవరూ పోలేదన్నాను.

"కెమెరా పట్టుకొని ఒచ్చినారంటే ఎవులో పోనట్టే" అని వెనకాల వస్తున్న ఆడవాళ్లతో అంది. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరూ పోకముందే ఇది పేపర్లో పడితే వంతెన వస్తుందేమోనని చెప్పాను.

సాయంత్రం పంపించాను. డెస్కులో ఉండే సబ్ఎడిటర్ ఫోన్ చేశాడు.

"ఫొటో చాలా బాగుందండీ. కానీ గెడ్డలో నీళ్లే లేవు, ఇప్పుడు వేస్తే వార్తేముంది? ఫైల్లో పెట్టాను. వానల్లో ఏదైనా జరిగితే పనికొస్తుంది."

ఆయన మామూలుగానే అన్నాడు. డెస్కుల్లో పని అలాగే సాగుతుంది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎక్కడో నగరంలో ఒక కంప్యూటర్లో ఆమె దుంగ మీద నడుస్తూనే ఉంది. కింద నీళ్లు పెరిగేదాకా ఆ ఫొటో ఆగుతుంది.

ఆ తర్వాత ప్రతి సంతలోనూ ముందు ఆమె కోసమే చూసేవాణ్ని. "నా ఫొటో ఏసినారేటి?" అని అడిగేది. ఇంకా లేదంటే, తను నల్లగా ఉందని మానేసుంటారని పక్కవాళ్లతో వేళాకోళమాడేది. డెస్కును మళ్లీ అడిగాను. ఫొటో భద్రంగానే ఉందన్నారు.

వానలు పట్టుకున్నాయి. కొండ మీద దిగిన మబ్బు లేవనేలేదు. దుంగకు నాచు పట్టింది. ఎర్రనీళ్లు దాన్ని తాకుతూ పోతున్నాయి. కూరకు పనికొచ్చే లేత వెదురు కొమ్ముల బుట్టతో ఆమె దాని మీదే వచ్చేది.

ఒక ఉదయం డెస్కు నుంచి ఫోన్.

"ఆ దుంగ మీదున్నామె పేరేంటండీ? మీ వైపు ఒక మహిళ గెడ్డలో కొట్టుకుపోయిందట. ఆ ఫొటో వేస్తున్నాం."

ఏ గెడ్డ అని అడిగాను. ఇంకా తెలియదన్నాడు. నేను చూసి చెప్పేదాకా వెయ్యొద్దని బతిమాలి బండి తీశాను.

వెళ్లేసరికి దుంగ లేదు. అవతలి ఒడ్డున గొడుగుల కింద జనం. కెమెరా లెన్సులోంచి ఒక్కొక్క ముఖమే వెతికాను. చివర్లో ఆమె కనబడింది. నన్ను చూసి చెయ్యెత్తి ఏదో అడిగింది. నీళ్ల హోరులో వినబడలేదు. ఏమడిగిందో నాకు తెలుసు.

పోయినామెది పైన ఇంకో ఊరు, ఇంకో గెడ్డ. డెస్కుకు ఆ సంగతి చెప్పాను.

"అలాగా. అయితే మీది మళ్లీ ఫైల్లో పెట్టేస్తాను. మంచి ఫొటో అండీ, ఊరికే పోదు."

తర్వాతి సంత నాటికి ఊరివాళ్లు కొత్త దుంగ వేశారు. పాతదానికన్నా సన్నం. ఆమె మిగిలిన వెదురు కొమ్ములు అమ్మేసి మళ్లీ ఫొటో సంగతి అడిగింది. వెయ్యలేదన్నాను.

"మరెప్పుడేత్తారు?"

కొండ మీద ఉరిమింది. ఆమె ఖాళీ బుట్ట నెత్తిన బోర్లించుకుని లేచింది.

"వానొత్తాది, బేగి దాటాల" అంటూ రోడ్డు దిగి గెడ్డ వైపు నడిచింది.