అమావాస్య మ్యాట్నీకి పదిహేను మంది

గద్వాలలో చీరలు నేసే మా అక్క సరోజ ఒకరోజు ఫోన్లో, "టాకీస్‌ల కూసోని ఏడాదైంది తమ్మీ. నాకు కుదురుతనే లేదు" అంది. కుదరడం లేదంటే డబ్బు సంగతే అనుకున్నాను. అంతకు ముందు ఆదివారమే నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి నలుగురి టికెట్లకు ఆరు వందలు, పాప్‌కార్న్‌కూ కూల్‌డ్రింకులకూ మరో నాలుగు వందలు అయ్యాయి. చిన్నప్పుడు మేమిద్దరం నేల టికెట్ తీసుకుని, ఇంటి నుంచి కట్టుకెళ్లిన వేయించిన పల్లీలు తింటూ సినిమా చూసిన వాళ్లం. ఈసారి ఖర్చంతా నాదేనని, అమావాస్య నాడు వస్తానని చెప్పాను. అక్కావాళ్ల గల్లీలో మగ్గాలకు నెల మొత్తంలో సెలవు ఆ ఒక్కరోజే.

ఆ నెల అమావాస్య మంగళవారం వచ్చింది. ఉదయం ఏడున్నరకు నాగర్‌కర్నూల్ బస్టాండులో ఎక్కి, బిజినేపల్లి మీదుగా తొమ్మిది లోపు వనపర్తి చేరాను. టికెట్ అరవై రూపాయల లోపే. ఆడవాళ్లకైతే ఆ ఖర్చు కూడా లేదు, ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు. వనపర్తి బస్టాండు బయట చాయ్ అమ్మే పెద్దాయనతో సినిమాల మాట వచ్చింది. ఆయన ఇప్పుడు అన్నీ ఫోన్లోనే చూస్తాడట. బాగుంటుందా అని అడిగితే, "కనవడుతది సారు. కని ఈల కొడితె మా ఇంటామె తిడుతది" అన్నాడు.

అక్కడి నుంచి పెబ్బేరు, బీచుపల్లి మీదుగా గద్వాలకు దాదాపు గంటన్నర ప్రయాణం. నేరుగా వెళ్లే బస్సు దొరక్కపోతే ఎర్రవల్లి చౌరస్తాలో దిగి మారవచ్చు. పదకొండున్నరకు అక్క ఇల్లు చేరేసరికి ఆమె జొన్నరొట్టెలు చేసి, మంచి చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. మ్యాట్నీ రెండు గంటలకు.

అసలు సంగతి ఆటోలో బయటపడింది. అక్కను ఆపింది టికెట్ ధర కాదు. ఆమె ఈ ఏడాదిలోనే మూడు అమావాస్యలు థియేటర్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. కొత్త సినిమాలకు శుక్ర, శని, ఆదివారాల్లోనే జనం వస్తారు. అమావాస్య ఏ మంగళవారమో, బుధవారమో పడుతుంది. మగ్గాలు ఆగిన రోజున మిగతా ఊరంతా పనిలో ఉంటుంది. చూసేవాళ్లు చాలినంత మంది లేరని ఆట రద్దు చేస్తారు. శుక్రవారానికి సినిమానే మారిపోతుంది. "ఇయ్యాల గూడ తిప్పి పంపితే ఇగ ఆ గేటు దిక్కు చూడ" అంది అక్క.

థియేటర్ కొత్తగా మారింది. మెత్తటి కుర్చీలు, ఏసీ, గోడల పొడవునా స్పీకర్లు. టికెట్ నూట ఇరవై. అయితే కౌంటర్ దగ్గర మాతో కలిపి ఆరుగురమే ఉన్నాం: మేమిద్దరం, గట్టు మండలం నుంచి వచ్చిన ఒక జంట, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. మేనేజర్ బయటకు వచ్చి లెక్కపెట్టి, "పదిహేను మంది లేంది ఆట పడదు సార్. కరెంటు ఖర్చు గూడ రాదు" అన్నాడు. అక్క చెంగు సర్దుకుని గేటు వైపు చూసింది.

మిగతా తొమ్మిది టికెట్లు కూడా నేనే తీసుకుంటానన్నాను. వెయ్యీ ఎనభై రూపాయలు. కర్నూలు దాకా వెళ్లి మల్టీప్లెక్సులో చూసినా ఇద్దరికీ దాదాపు అంతే అవుతుందని నా ఆలోచన. మేనేజర్ ఒప్పుకోబోయాడు. అక్క నా చేయి పట్టి ఆపింది.

"ఉత్త కుర్చీలకు టికెట్లు కొంటవా? కుర్చీలు నవ్వుతయా, ఏడుస్తయా?" అని, మేనేజర్ వైపు తిరిగి, "జర ఆగన్నా. ఇయ్యాల మా గల్లీల మగ్గాలన్నీ పండుకున్నయ్. మనుషులను లేపుత" అంది.

రెండున్నర దాకా చూస్తానన్నాడు మేనేజర్. అక్క మెట్ల మీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టింది. సినిమా ఏదని ఎవరో అడిగినట్టున్నారు, అది వచ్చినంక చూద్దువులే అంది. ఇంకెవరో అన్నం ముందు ఉన్నామంటే, చెయ్యి కడుక్కోమంది. రెండుం పావుకు మొదటి ఆటో వచ్చింది, అందులో ఐదుగురు. దాని వెనక రెండు బైకులు, ఒక్కోదాని మీద ముగ్గురు. ఒకావిడ నిజంగానే సగం అన్నంలో లేచి వచ్చానని అక్కను తిడుతూనే టికెట్ కొంది. ఇద్దరు నడిచి వచ్చారు. రెండు ఇరవై ఐదుకు మేనేజర్ మళ్లీ లెక్కపెట్టాడు. పంతొమ్మిది మంది.

ఆట మొదలైంది. సినిమా కథ మామూలుదే. రెండో సగంలో హీరో తల్లి తన పెళ్లినాటి గద్వాల పట్టుచీరను గుండెకు హత్తుకుని ఏడ్చే సన్నివేశం వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. మా వెనక వరుసలో ఒకావిడ మెల్లగా, "గది మన చీర కాదే. ఆ అంచు మిషన్‌ది" అంది.

"గందుకే ఏడుస్తున్నది" అంది అక్క.

పంతొమ్మిది మందీ నవ్వారు. కాలేజీ అమ్మాయిలు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అక్క అలా నవ్వడం నేను చూసి ఎంతకాలమైందో గుర్తుకు రాలేదు. ఆట ముగిశాక మేనేజర్ గేటు దగ్గర ఆమెను ఆపి, ఫోన్ నంబరు రాసుకుని, వచ్చే అమావాస్య ఏ వారం పడుతుందని అడిగాడు. గురువారమని అక్క క్యాలెండర్ చూడకుండానే చెప్పింది.

థియేటర్ ఖరీదైపోయిందని మనం అంటాం, అది నిజమే. అయినా ఆ రోజు నేను చూసినదాన్ని బట్టి, ఇక్కడి థియేటర్లకు కావలసింది ఒకే సమయంలో తీరిక ఉన్న మనుషులు. ఆ తీరిక ఊళ్లో ఉంది. అది ఏ రోజున ఉందో థియేటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. మీరు ఈ ఊళ్లలో పనిరోజున మ్యాట్నీకి వెళ్లదలిస్తే, ఉదయమే ఫోన్ చేసి ఆట పడాలంటే ఎంతమంది కావాలో అడిగి తెలుసుకోండి. తక్కువ పడేలా ఉంటే టికెట్ల కన్నా ముందు మనుషులను చూసుకోండి.