వాగొడ్డున మేడంతో తెగని మాట

తొర్రూరు బస్టాండులో జనగామ బస్సు ఆగగానే కిటికీలోంచి చున్నీ వేసి సీటు ఆపుకుంటున్నాను. ఫోన్ మోగింది. డిగ్రీలో నాతో చదివిన అమ్మాయి. "మేడం పోయిందే. గుండెపోటంట. దవాఖానకు తీస్కపోయే లోపల్నే..." అన్నది. నా కళ్ళింకా సీటు మీదే ఉన్నాయి. "ఏ మేడం?" అన్నాను. మాకు హిస్టరీ చెప్పిన మేడం ఒక్కరే. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జనగామ కాలేజీలో ఆమె తరగతి గదిలో కంటే గుట్టల మీదే బాగా చెప్పేవారు. చీర కింద స్పోర్ట్స్ షూ, భుజాన సంచిలో జామకాయలు, ఉప్పూకారం పొట్లం. వ్యవసాయం తెలియకముందు వేటాడి, దుంపలు తవ్వుకొని బతికినవాళ్ళు మన దిక్కు ఎక్కడెక్కడ ఉన్నారన్నదే ఆమె వెతుకులాట. వాళ్ళు చెక్కి వదిలేసిన గోరంత రాతి పలుకులు చూపిస్తానని ఆదివారాలు మమ్మల్ని భూపాలపల్లి దాకా తీసుకుపోయేవారు.

పోగానే రాళ్ళ జోలికి పోనిచ్చేవారు కాదు. "ముందు కూసోండ్రి. ఇయ్యాల పిల్లల్ని ఏసుకొని ఈడనే పండుకోవాలె. ఏడ పండుకుంటరో చూస్కోండ్రి" అనేవారు. నీడ చూసుకొని ఒకరు, గాలి చూసుకొని ఒకరు కూర్చునేవాళ్ళం. అప్పుడు నడుం మీద చేతులేసుకొని, "వానలు పడ్తలేవు. జింకలు ఎల్లిపోయినయ్. దుంపలు ఎండినయ్. ఇప్పుడేడికి?" అనేవారు. మేం లేచి, కొంచెం కొంచెం దిగి, చివరికి అందరం నీళ్ళ మడుగు దగ్గర ఒకరినొకరు తోసుకునేవాళ్ళం. "గదీ సంగతి! వానలు మంచిగుంటే తలా ఒక గుట్ట. వానలు పోతే అందరు ఒక్క మడుగు కాడ. ఇగ తన్నుకుంటరో, పెండ్లిళ్ళు చేసుకుంటరో, వాళ్ళిష్టం."

నేను మాత్రం కూర్చున్న చోట ఉండేదాన్ని కాదు. "నిన్ను ఏ గుంపూ ఉంచుకోదు పిల్లా, కాలు నిలువదు నీకు" అని నవ్వి జామకాయ చేతిలో పెట్టేవారు.

మొగుళ్లపల్లి దగ్గర ఒక వాగు మలుపులో ఆ రాతి పలుకులు ఒత్తుగా దొరికాయి. కరువు కాలంలో గుంపులన్నీ గుట్టలు దిగి కూడిన చోటు ఇదేనని మేడం నమ్మారు. రిటైరయ్యాక దాని మీదే చిన్న పుస్తకం మొదలుపెట్టారు. పోయిన ఎండాకాలం ఇంటికి పిలిచి చదివి వినిపించారు. పీజీ చేసొచ్చిన ఊపు నాది. "మేడం, అక్కడ మనుషులు కూడిండ్రా, వరద కూడేసిందా? గుట్టల మీది రాళ్ళన్నీ కొట్టుకొచ్చి మలుపులో పడి ఉండొచ్చు కదా" అన్నాను.

మేడం కాగితాలు సర్దుకున్నారు. "ఔ... ఉండచ్చు" అన్నారు. వాళ్ళ చెల్లె తెచ్చిన చాయ్ అట్లనే చల్లారింది.

తర్వాత ఆమే ఫోన్ చేశారు. "వానలు పడకముందే పోదాం రా. నువ్వు వంగి చూడు, నేను కూసుంట." గ్రూప్స్ పరీక్ష ఉంది మేడం, అయినంక పోదామన్నాను. పరీక్ష వాయిదా పడింది. అయినా నేను పోలేదు. పుస్తకం ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. నేనడిగింది తప్పని తేలినా బాగుండు, ఫొటో ముందు నిలబడి క్షమించమనేదాన్ని.

దినాలు అయినంక మేడం చెల్లె నన్ను వాకిట్లోకి పిలిచింది. "మా అక్క తప్పు రాసిందా బిడ్డా?"

"తెల్వదమ్మా."

"మరి తెల్సుకోరాదూ?"

మర్నాడు ఇద్దరం ఆ వాగు మలుపుకు పోయాం. ముసురు పట్టింది. వాగు ఎర్రగా పారుతోంది, ఒడ్డు కొత్తగా తెగి ఉంది. నీళ్ళలో దొర్లి వచ్చిన రాయి అంచులు అరిగి నున్నగా ఉంటుందనీ, చేసిన చోటే పడి ఉంటే పదును పోదనీ ఆమెకు చెప్పి, తెగిన ఒడ్డు మట్టిలోకి వేళ్ళు పోనిచ్చాను. మొదట దొరికింది నున్నగా ఉంది. తర్వాతదీ అంతే. ఇంకొంచెం లోపల ఒక పలుకు అంచు తగిలి బొటనవేలు చురుక్కుమంది.

"అయ్యో, రక్తం!" ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఒక్క రాయితో ఏదీ తేలదు. మేడం ఉంటే ముందు ఆ మాట ఆమే అనేవారు. అయినా పిడికిలి విప్పి చూస్తూ నిలబడ్డాను. చినుకులకు రక్తం పలచబడి, అరచేతిలోని రాతి పలుకు మీదికి జారుతోంది. కింద ఎర్రనీళ్ళ అడుగున, కనబడని రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటూ దొర్లిపోతున్న చప్పుడు.